గ్రీన్ హైడ్రోజన్ కోసం భూమి లీజుకు అడుగుతున్నారు: మా నీళ్ల సంగతేమిటి?

ప్రశ్న (కనిగిరి ప్రాంతం నుంచి ఒక రైతు)
మా మెట్ట పొలాల్లో సోలార్ పలకలు వేసి, ఆ కరెంటుతో కోస్తాలో గ్రీన్ హైడ్రోజన్ తయారు చేస్తారని చెబుతూ మధ్యవర్తులు లీజు కోసం తిరుగుతున్నారు. నీటిని విడగొట్టి తీసే వాయువు కనుక, వేసవిలో ట్యాంకర్ల కోసం ఎదురుచూసే మా ఊళ్లకు ఇది తగునా? 2025 ఏప్రిల్‌లో దివాకరపల్లి దగ్గర శంకుస్థాపన జరిగినది కూడా ఇలాంటిదేనా? ప్రభుత్వ రాయితీలో రైతుకు వాటా ఉందా?

జవాబు (ముత్తుకూరు నుంచి ఒక విశ్రాంత ఇంజనీరు)
దివాకరపల్లిది బయోగ్యాస్, దానికీ దీనికీ సంబంధం లేదండీ. హైడ్రోజన్ మాకు పాత పరిచయమే. థర్మల్ కేంద్రాల్లో పెద్ద జనరేటర్లను చల్లబరచడానికి దానినే వాడతారు.

కిలో హైడ్రోజన్‌కు రసాయన లెక్క ప్రకారం 9 లీటర్ల నీరు సరిపోతుంది. శుద్ధిలో పోయేదీ, చల్లబరచడానికి వాడేదీ కలిపితే 20, 30 లీటర్లు కావచ్చు. ఆ లెక్కన ఏడాదికి లక్ష టన్నులు తీసే ప్లాంటుకు టీఎంసీలో పదో వంతు చాలు. సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు. రేవు పక్కన పెడితే సముద్రపు నీటినే మంచినీరుగా మార్చుకోవచ్చు. అందుకయ్యే కరెంటు, కిలో హైడ్రోజన్‌కు పట్టే 50, 55 యూనిట్ల ముందు లెక్కలోకి రాదు.

అసలు బరువు భూమి మీద పడుతుంది. లక్ష టన్నులకు దాదాపు 550 కోట్ల యూనిట్లు కావాలి. అదంతా సోలార్ నుంచే అయితే సుమారు 3,000 మెగావాట్లు, మెగావాటుకు నాలుగైదు ఎకరాల చొప్పున పన్నెండు, పదిహేను వేల ఎకరాలు. పలకలు కడగడానికి మాత్రం మీ ఊరి నీళ్లే తీసుకుంటారు; నీరు లేకుండా తుడిచే యంత్రాలున్నాయి, వాటినే వాడాలని పత్రంలో రాయించుకోండి.

జవాబు (ఒంగోలు నుంచి ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు)
2023 జనవరిలో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు 19,744 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో 17,490 కోట్లు ఎలక్ట్రోలైజర్ల (కరెంటుతో నీటిని విడగొట్టే యంత్రాల) తయారీకి, హైడ్రోజన్ ఉత్పత్తికి ఇచ్చే ప్రోత్సాహకాలే. ఉత్పత్తిదారుకు కిలోకు గరిష్ఠంగా మొదటి ఏడాది 50 రూపాయలు, తర్వాత 40, ఆపై 30 అందుతాయి. ఆ డబ్బు భూమి ఇచ్చినవారి దాకా రాదు. నన్ను అడిగితే ఈ విధానంలోని పెద్ద లోపం అదే.

సరుకు కొనేదెవరన్నది ఇంకా ముఖ్యం. నమీబియా, చిలీ వంటి దేశాలు ప్రధానంగా ఎగుమతులనే నమ్ముకున్నాయి కాబట్టి పరదేశపు కొనుగోలుదారు వెనకడుగు వేస్తే వాటి ప్రాజెక్టులు ఆగిపోతాయి. మనకు దేశంలోనే ఎరువుల కర్మాగారాల గిరాకీ ఉంది. వాటికి పదేళ్లపాటు, గ్రీన్ హైడ్రోజన్‌తో తయారయ్యే గ్రీన్ అమ్మోనియా సరఫరా చేయడానికి 2025లో జరిగిన తొలి వేలంలో కిలో 55.75 రూపాయల ధర పలికింది. అటువంటి కొనుగోలు ఒప్పందం చేతిలో లేని సంస్థకు ముప్పై ఏళ్ల లీజు రాసివ్వవద్దు.

ప్రశ్న అడిగినవారు
కృతజ్ఞతలు సార్. మాకు చూపిన నమూనా పత్రంలో కొనుగోలు ఒప్పందం ఊసే లేదు; అద్దె మాత్రం ఉత్పత్తి మొదలైన తేదీ నుంచి చెల్లిస్తామని ఉంది.

జవాబు (ముత్తుకూరు)
సంతకం చేసిన తేదీ నుంచి అని మార్పించండి. ఒప్పుకోకపోతే ఈ ఖరీఫ్‌కు కంది వేసుకోండి.