కారులో ఎంత దూరం వరకు వెళ్లడం సబబు? 520 కిలోమీటర్లు, రెండు రోజుల కార్యక్రమం

మూడోగేరు

శనివారం ఉదయం 10కి ఒక కార్యక్రమం మొదలై, ఆదివారం మధ్యాహ్నం 12కి ముగుస్తుంది. ఒకవైపు 520 కిలోమీటర్లు. మ్యాప్ 8 గంటల 10 నిమిషాలు చూపిస్తోంది. కారులో నలుగురం: నేను, మా ఆవిడ (ఇద్దరికీ డ్రైవింగ్ వచ్చు), ఆరేళ్ల బాబు, డెబ్బై దాటిన అమ్మ. పెట్రోల్ బండి, 40 లీటర్ల ట్యాంకు, హైవే మీద లీటరుకు 16 ఇస్తుంది. సోమవారం ఉదయం 9కి ఇద్దరం ఆఫీసులో ఉండాలి.

రెండు దారులు ఆలోచించాం. ఒకటి, శుక్రవారం ఆఫీసు అయ్యాక రాత్రి 7కి బయలుదేరి తెల్లవారేలోపు చేరిపోవడం. రెండు, కాసేపు పడుకుని అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు బయలుదేరడం. తిరుగు ప్రయాణం ఆదివారం భోజనం అయ్యాక. వీటిలో ఏది మేలు? అసలు ఇంత దూరం కారులో పోవచ్చా? ‘ఇంతకు మించితే వద్దు’ అనే గీత ఎక్కడ గీసుకోవాలి?

కిలోమీటరురాయి

ఆ గీత కిలోమీటర్లలో గీస్తే పనికిరాదండీ. గుమ్మం నుంచి గుమ్మానికి ఎన్ని గంటలు పడుతుంది, ఆఖరి గంట గడియారంలో ఎంతకు పడుతుంది, ఈ రెండూ చూడాలి.

మ్యాప్ చెప్పేది చక్రాలు తిరిగే సమయం మాత్రమే. మీ 8:10కి కలపాల్సినవి ఇవి: 15 నిమిషాల విరామాలు రెండు, భోజనానికి 40, పెట్రోలుకు 10, పెద్దావిడా పిల్లాడూ ఉన్నారు కాబట్టి దిగడానికీ ఎక్కడానికీ ఇంకో 20. మొత్తం 100 నిమిషాలు. అంటే 9:50. నలుగురితో పోయే ఏ ప్రయాణానికైనా మ్యాప్ సమయాన్ని 1.2తో హెచ్చవేస్తే దాదాపు ఇదే వస్తుంది. ఇంకో సంగతి, మామూలుగా మ్యాప్ చూపించేది మీరు చూస్తున్న క్షణంలో ఉన్న ట్రాఫిక్‌ను బట్టి. బయలుదేరే రోజూ సమయమూ మార్చి చూడండి. రెండు అంకెలు చూపిస్తే పెద్దదే తీసుకోండి.

మీరు పోయే దారి గురించి అడిగారు గానీ, తేల్చేది తిరుగు దారి. 12కి ముగిసి, భోజనం చేసి, అందరికీ చెప్పి బయటపడేసరికి 1:30. దానికి 9:50 కలిపితే రాత్రి 11:20. ఆ రోజు ఉదయం 6కి లేచి ఉంటే అప్పటికి 17 గంటలు దాటి మెలకువగా ఉన్నట్టు. 17 గంటల మెలకువ తర్వాత మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నప్పటి స్థాయికి దిగిపోతుందని 1997లో అచ్చయిన ఒక ప్రయోగం తేల్చింది. ఆ స్థితిలో నడిపేది చీకట్లో, ‘ఇంకెంత, వచ్చేశాంగా’ అనుకునే చివరి 30 కిలోమీటర్లు.

అందుకే వెనక నుంచి లెక్క వేయండి. రాత్రి 9కి ఇంట్లో ఉండాలి. దాన్నుంచి 9:50 తీసేస్తే ఉదయం 11:10. అంతకు ముందే అక్కడ బయలుదేరలేకపోతే ఆదివారం తిరుగు ప్రయాణం పెట్టుకోకూడదు. సోమవారం సెలవు పెట్టాలి, లేదా కారు ఆలోచన మానుకోవాలి.

ఇక మీరు అడిగిన గీత. రోడ్డు మీద గడిపే గంటలు, అక్కడ మెలకువగా గడిపే గంటల్లో సగానికి మించకూడదన్నది నేను వాడే కొలత. మీకు అక్కడ దొరికేవి శనివారం 12, ఆదివారం 5, మొత్తం 17. రోడ్డు మీద రానూపోనూ దాదాపు 20. బేరం తిరగబడింది. 17లో సగం ఎనిమిదిన్నర, ఒకవైపుకి నాలుగుంపావు. దాన్ని 1.2తో భాగిస్తే మూడున్నర గంటల డ్రైవింగ్, మీ సగటు వేగంలో (520 కిలోమీటర్లకు 8:10 అంటే గంటకు 64) సుమారు 225 కిలోమీటర్లు. రెండు రోజుల కార్యక్రమానికి మీ రోడ్డు మీద హాయిగా పోయి రాగలిగేది అంతే. 520 పోవాలంటే ఒక రోజైనా కలపాలి.

తప్పదు, వెళ్లాల్సిందే అంటే: శుక్రవారం సగం రోజు సెలవు పెట్టి 1:30కి బయలుదేరండి. 350 కిలోమీటర్ల దగ్గర రాత్రి 8 ప్రాంతంలో హాల్ట్. శనివారం మిగిలిన 170కి విరామంతో కలిపి మూడు గంటలు, 6కి బయలుదేరితే 9కి చేరతారు. సగం సగం చేసుకోవద్దు. రెండో రోజుకు 260 మిగిలితే నాలుగున్నర గంటలు, 5కే లేచి బయలుదేరినా ఒక్క పంక్చర్‌తో కార్యక్రమం మొదలు పోతుంది. మొదటి రోజే మూడింట రెండు వంతులు దాటేయాలి.

హాల్ట్‌కు రెండు చోట్లు ముందే చూసుకోండి, 270 దగ్గర ఒకటి, 350 దగ్గర ఒకటి, రెండూ రద్దు చేసుకోగలిగేవి. సాయంత్రం 6:30కి 250 దాటకపోతే మొదటి దగ్గరే ఆగిపోవాలని ఇంట్లో ఉండగానే అనుకోండి. స్టీరింగ్ ముందు కూర్చున్నాక ఎవరికైనా ‘ఇంకో గంట లాగేద్దాం’ అనే అనిపిస్తుంది.

లాంగ్‌డ్రైవ్800

ఇంత భయం అక్కర్లేదు. ఇద్దరు డ్రైవర్లు ఉన్నప్పుడు 800 కూడా ఒక్క రోజులో లాగొచ్చు. రాత్రి పూట రోడ్డు ఖాళీ, ఎండ ఉండదు, పిల్లలు నిద్రపోతారు, సగటు 80 వస్తుంది. 520ని 80తో భాగిస్తే ఆరున్నర గంటలు. శుక్రవారం రాత్రి 7కి బయలుదేరితే ఒకటిన్నరకల్లా చేరి పడుకోవచ్చు.

రాత్రిదీపం

800 గారూ, ఖాళీ రోడ్డు సంగతి ఒప్పుకుంటాను. కానీ 80 సగటు రావాలంటే చాలాసేపు 100 మీద ఉండాలి, రాత్రి ఆ వేగానికి లైట్లు సరిపోవు. డిమ్ లైట్‌లో, దీపం లేకుండా ఆగి ఉన్న బండో నల్లటి పశువో కనబడేది సుమారు 40 నుంచి 60 మీటర్ల దూరంలో. 80 వేగంలో సెకనుకు 22 మీటర్లు పోతాం. చూసి బ్రేక్ మీద కాలు పెట్టడానికి ఒకటిన్నర సెకను, అంటే 33 మీటర్లు. ఆ తర్వాత పొడి రోడ్డు మీద బండి ఆగడానికి ఇంకో 35. మొత్తం 68. కనబడిన దానికంటే ఆగే దూరం ఎక్కువ. 60 వేగంలో అదే లెక్క 45 మీటర్లకు వస్తుంది. ఎదురు బండ్ల వల్ల డిమ్‌లోనే నడపాల్సిన రోడ్డు మీద రాత్రికి తగిన వేగం అది. సగటు 80 అన్న మాట అక్కడే పోయింది.

నిద్ర విషయం. శుక్రవారం ఉదయం 6కి లేచిన మనిషికి రాత్రి 11కే 17 గంటలు నిండుతాయి. 7కి బయలుదేరితే అప్పటికి మీరు 240 కిలోమీటర్ల దగ్గర ఉంటారు, సగం కూడా కాలేదు. ఆ పైన తెల్లవారుజామున 2 నుంచి 6 మధ్య ఒళ్లు దానంతటదే నిద్రకు జారే వేళ. మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య ఇంకోటి ఉంది, దానికంటే చిన్నది. 100 వేగంలో నాలుగు సెకన్లు కన్ను మూతపడితే బండి 111 మీటర్లు పోతుంది.

ఇద్దరు డ్రైవర్లంటే రెట్టింపు దూరం కాదు. ఇద్దరూ అదే రోజు ఆఫీసు చేసి వచ్చినవాళ్లే కదా, అలసట ఇద్దరిదీ ఒకటే. పక్క సీట్లో కునుకు నిద్ర కిందికి రాదు. ఒక్కరికి 8 గంటలు గరిష్ఠం అనుకుంటే ఇద్దరికి 10, మహా అయితే 11. పోల్చుకోవడానికి: యూరోపియన్ యూనియన్‌లో లారీ, బస్సు డ్రైవర్లకు నాలుగున్నర గంటల డ్రైవింగ్ కాగానే 45 నిమిషాల విరామం తప్పనిసరి, రోజుకు 9 గంటలు హద్దు, వారంలో రెండు రోజులు మాత్రం 10. అది రోజూ ఇదే పని చేసేవాళ్ల సంగతి.

మూడోగేరు గారూ, మీ రెండో ఆలోచనలో ఒక తిరకాసు ఉంది. రాత్రి ఒంటిగంటకు 8:10 కలిపితే 9:10, సరిపోయినట్టే అనిపిస్తుంది. 9:50 కలిపి చూడండి, 10:50. మూడు గంటల నిద్రతో, తెల్లవారుజామంతా నడిపి, 50 నిమిషాలు ఆలస్యంగా చేరతారు.

పగలు నడిపినా గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. నిద్ర వస్తే అద్దం దించడం, పాటలు పెంచడం, ముఖం కడగడం, ఇవన్నీ కొన్ని నిమిషాల ముచ్చటే. పనిచేసేది ఒకటే: సురక్షితమైన చోట ఆగి, కాఫీ తాగి, వెంటనే 20 నిమిషాలకు అలారం పెట్టుకుని పడుకోవడం. కెఫీన్ పని మొదలెట్టడానికి దాదాపు అంతే సమయం పడుతుంది, లేచేసరికి రెండూ కలిసొస్తాయి. అరగంట దాటనిస్తే మత్తుగా లేస్తారు. లేచాక పది నిమిషాలు అటూ ఇటూ నడిచి ఎక్కండి. దాటిన చివరి బోర్డు మీద ఏముందో గుర్తు లేకపోతే, వేగం 70కీ 95కీ మధ్య ఊగుతుంటే, ఆగాల్సిన వేళ వచ్చినట్టే. ఆవులింతల దాకా ఆగక్కర్లేదు.

డ్రైవ్ చేసేవాళ్లు జలుబు మాత్రలు, వాంతుల మాత్రలు వేసుకోవద్దు. వాటిలో చాలావాటికి మత్తు ఉంటుంది, క్లోర్ఫెనిరమైన్, డైమెన్‌హైడ్రినేట్ పేర్లు చూసుకోండి. అమ్మగారిని రెండు గంటలకోసారి దింపి ఐదు నిమిషాలైనా నడిపించండి. నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. మాటిమాటికీ దిగాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు, అది కనిపెట్టి ఉండండి.

టైరుగాలి

వేగం గురించి ఒక లెక్క. 100 కిలోమీటర్ల దూరాన్ని 100 బదులు 120లో పోతే మిగిలేది 10 నిమిషాలు. అదే దూరాన్ని 40 బదులు 50లో పోతే మిగిలేది 30 నిమిషాలు. అంటే సమయమంతా నెమ్మది రోడ్ల మీదే పోతోంది. రద్దీ వేళకు ముందే ఊరు దాటడం, ఊళ్ల మధ్య నుంచి కాక బైపాస్ పట్టుకోవడం, వీటితో వచ్చేది యాక్సిలరేటర్ తొక్కితే రాదు. పైగా గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది, 100 నుంచి 120కి పోతే 1.44 రెట్లు. మిగిలిన పది నిమిషాలు పెట్రోల్ బంకులో ఖర్చవుతాయి.

మీ ట్యాంకు లెక్క: 520కి 16 చొప్పున 32.5 లీటర్లు. నలుగురు, సామాను, ఏసీతో 14కి దిగితే 37. ఒక్క ట్యాంకుతో పోవచ్చని అనుకోకండి, పావు దగ్గరకు రాగానే నింపండి.

టైర్లలో గాలి బయలుదేరే రోజు ఉదయం, బండి కదపకముందే చూడండి. డ్రైవర్ డోర్ ఫ్రేమ్ మీదో, పెట్రోల్ మూత వెనకో ఉండే స్టిక్కర్‌లో మామూలు బరువుకు ఒకటి, నిండు బరువుకు ఒకటి ఉంటాయి. మీకు రెండోది కావాలి. చాలామంది దారి మధ్యలో చూసి, ఎక్కువైందని గాలి తీసేస్తారు. వేడి టైరు 3 నుంచి 5 పీఎస్ఐ ఎక్కువ చూపించడం సహజం, తీస్తే చల్లారాక తక్కువైపోతుంది, తక్కువ గాలితోనే టైరు వేడెక్కి పగులుతుంది. స్టెప్నీ గాలి కూడా చూడండి, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. టైరు పక్క గోడ మీద డీఓటీ అక్షరాల వరస చివర ఉండే నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2319 అంటే 2019లో 23వ వారం. గాడి లోతు 3 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే వానలో ఇంత దూరం వద్దు.

ప్లగ్గుపాయింటు

ఎలక్ట్రిక్ బండితో ఇదే ప్రశ్న ఉన్నవాళ్ల కోసం. ఒక్క చార్జింగుతో ఎంత దూరం పోతుందని కంపెనీ చెప్పే రేంజ్ కాదు, హైవే వేగంలో నిజంగా వచ్చేది పట్టుకోండి. అది 300 అనుకుంటే మొదటి విడత బ్యాటరీ 100 నుంచి 15 శాతం దాకా, 255 కిలోమీటర్లు. తర్వాతి విడతలు 80 నుంచి 15 దాకా, 195 చొప్పున. 80 దాటాక చార్జింగ్ బాగా నెమ్మదిస్తుంది, అక్కడ కూర్చోవడం దండగ. 520కి 255 దగ్గర ఒకటి, 450 లోపు ఒకటి, రెండు చార్జింగులు. ఒకటి భోజనంతో కలిపేయండి. ఎంచుకున్న చార్జర్ పనిచేయకపోతే ఇంకోదాని దాకా పోయేలా ఆ 15 శాతం. చేరిన చోట ప్లగ్గు లేకపోతే దగ్గరి చార్జర్ దాకా వెనక్కి పోగలిగేంత మిగుల్చుకుని చేరండి.

మూడోగేరు

అందరికీ ధన్యవాదాలు. 10:50 లెక్క చూసి నిజంగా ఉలిక్కిపడ్డాం. శుక్రవారం సగం రోజు సెలవు, 350 దగ్గర హాల్ట్, 270 దగ్గర రెండోది చూసి పెట్టాం. సోమవారం సెలవు దొరకలేదు కాబట్టి ఆదివారం కార్యక్రమం వదిలేసి ఉదయం 6:30కే బయలుదేరతాం. 4:20కి ఇంట్లో ఉంటాం. తిరుగు దారి పూర్తిగా తూర్పుకు. ఇంకేమైనా చూసుకోవాలా?

కిలోమీటరురాయి

తూర్పుకైతే మొదటి గంట, గంటన్నర సూర్యుడు సరిగ్గా కళ్లలోకి కొడతాడు. శనివారం రాత్రే ముందు అద్దం లోపలివైపు తుడవండి, బయట కాదు. డాష్‌బోర్డు నుంచి వచ్చే ఆవిరి లోపల సన్నని జిడ్డు పొరలా పేరుకుంటుంది, మామూలుగా కనబడదు, ఎదురెండ పడగానే అద్దమంతా తెల్లబారుతుంది. కొద్దిగా తడిపిన మెత్తని గుడ్డతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. ఆ గంటన్నర ముందు బండికి మామూలు కంటే రెట్టింపు దూరం వదలండి. 4:20 అంటున్నారు కాబట్టి 2 నుంచి 4 మధ్య కునుకు వేళ మీ ఆఖరి విడతలో పడుతుంది. ఆ రెండు గంటలూ నడిపేది ఎవరో ముందే అనుకుని, వాళ్లు అంతకు ముందు భోజనం తేలిగ్గా చేసేలా చూసుకోండి.