2010 సివిక్ ఆటోమేటిక్: గేర్‌బాక్స్ ఆయిల్ తక్కువగా కనిపిస్తోంది, పోయాలా, మొత్తం మార్చాలా?

మియాపూర్ సివిక్ (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2010 నాటి హోండా సివిక్ 1.8 ఆటోమేటిక్ కారు ఉంది. రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పటికి 92,000 కిలోమీటర్లు తిరిగింది. పాత యజమాని ఇచ్చిన సర్వీసు కాగితాల్లో ఇంజిన్ ఆయిల్ మార్చిన వివరాలు క్రమం తప్పకుండా ఉన్నాయి గాని, గేర్‌బాక్స్ ఆయిల్ ప్రస్తావన ఒక్కచోట కూడా లేదు. కొన్ని వారాలుగా రెండో గేరు నుండి మూడో గేరుకు మారేటప్పుడు చిన్న కుదుపు తెలుస్తోంది. దానికి తోడు, 60 కిలోమీటర్ల వేగంలో యాక్సిలరేటర్ మీద కాలు తేలికగా ఆనించి ఉంచినప్పుడు, టోల్‌గేటు ముందు వరుసగా వేసే పట్టీల మీదుగా వెళ్తున్నట్టు బండి సన్నగా వణుకుతోంది.

నిన్న నేనే డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) తీసి చూశాను. ఇంజిన్ నడుస్తుండగా, గేరును పార్కింగ్‌లో ఉంచి చూస్తే ఆయిల్ కింది గీతను కూడా అందుకోలేదు. ఎరుపు పోయి డికాక్షన్ రంగుకు దగ్గరపడింది. మా ఇంటి దగ్గరి షెడ్డులో మెషిన్ పెట్టి ఫ్లష్ చేయాలన్నారు, అంటే పాత ఆయిల్‌ను ప్రెజర్‌తో బయటికి నెట్టేయాలట. ఇంకొక మెకానిక్ మాత్రం, ఇన్నేళ్లు ముట్టుకోని ఆయిల్‌ను ఇప్పుడు కదిలిస్తే గేర్‌బాక్సే పోతుందని భయపెట్టారు. ముందుగా ఒక లీటరు పోసి చూడమంటారా, లేక మొత్తం మార్చించమంటారా?

కృష్ణలంక:

దయచేసి ఇప్పుడే ఒక్క చుక్క కూడా పోయకండి. మీరు కొలిచిన పద్ధతి చాలా పాత టయోటా బండ్లకు, అమెరికన్ బండ్లకు సరిపోతుంది గాని హోండాకు సరిపోదు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ పంపు ఆయిల్‌ను పైకి లాగి టార్క్ కన్వర్టర్‌లోకి (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం), క్లచ్‌ల దారుల్లోకి నెడుతూనే ఉంటుంది కాబట్టి, అడుగున మిగిలే ఆయిల్ తక్కువగా కనిపించడం సహజమే. హోండా చెప్పే పద్ధతి వేరు. బండిని చదునైన నేల మీద నిలిపి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి, ఆపేసి, 60 సెకన్లు ఆగిన తరువాత, 90 సెకన్లు దాటకముందే డిప్‌స్టిక్ తీసి తుడిచి, మళ్లీ పూర్తిగా దించి చూడాలి. అప్పుడు ఆయిల్ రెండు గీతల మధ్య ఉంటే మట్టం సరిగ్గా ఉన్నట్టే.

నేను ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మూడేళ్ల కిందట నేనూ మీలాగే చూసి ముప్పావు లీటరు అదనంగా పోశాను. ఎక్కువైన ఆయిల్‌ను లోపలి గేర్లు చిలకడంతో నురగ పుట్టింది, ఆ గాలి వల్ల ప్రెజర్ నిలవక గేర్లు జారడం మొదలైంది. తగ్గితే ఎంత నష్టమో ఎక్కువైతే కూడా అంతే నష్టమని ఆ వారం రోజుల్లో తెలుసుకున్నాను. సిరంజికి సన్నని గొట్టం తగిలించి, డిప్‌స్టిక్ రంధ్రంలోంచి ఆ ఆయిల్‌ను లాగేసరికి నడుము పట్టేసింది.

డల్లాస్ వాసి:

నాది 2008 అకార్డ్. అందులోనూ ఐదు గేర్ల హోండా ఆటోమేటిక్ బాక్సే ఉంది కాబట్టి నా అనుభవం మీకు కొంతవరకు పనికిరావచ్చు. 2010 నాటి మీ బండిలో కంపెనీ మొదట పోసింది జెడ్-1 రకం హోండా గేర్‌బాక్స్ ఆయిల్ అయి ఉంటుంది. హోండా తరువాత దాని స్థానంలో డీడబ్ల్యూ-1 తెచ్చింది, జెడ్-1 వాడిన బండ్లన్నిటిలోనూ అదే పోయవచ్చు. అన్ని కంపెనీల బండ్లకూ సరిపోతుందని రాసి ఉన్న డబ్బాల జోలికి మాత్రం నేను వెళ్లను.

మార్చడం కష్టమేమీ కాదు. బండిని జాకీతో లేపి వదిలేయకుండా స్టాండ్ల మీద నిలపండి. గేర్‌బాక్స్ ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టుకు నట్టు తల ఉండదు, 3/8 అంగుళాల రాచెట్ నేరుగా దిగే చదరపు గుంట ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ బోల్టు ఆరు పలకల తలతో ఉంటుంది. ఈ తేడా గమనించకుండా, ఇంజిన్ ఆయిల్ అనుకుని గేర్‌బాక్స్ ఆయిల్ దించేసి, అప్పటికే నిండుగా ఉన్న ఇంజిన్‌లో మళ్లీ నాలుగు లీటర్లు పోసిన షెడ్డు ఒకటి నాకు బాగా తెలుసు, ఆ బండి మా తమ్ముడిది. ఆయిల్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దించండి, మరీ కాలేలా వద్దు. దిగినదాన్ని కొలతలున్న సీసాలో పట్టి, అంతే కొలతలో కొత్తది సన్నని గరాటుతో డిప్‌స్టిక్ రంధ్రంలోంచి పోయండి. వాషర్ తప్పకుండా కొత్తది వేయండి, బోల్టును 49 న్యూటన్ మీటర్లకు మించి బిగించకండి, ఎందుకంటే పెట్టె అల్యూమినియంది, మరలు పోతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

ఒక్కసారి దించితే 2.4 లీటర్ల చుట్టుపక్కల వస్తుంది, లోపల మొత్తం పట్టేది దాదాపు 5.9 లీటర్లు. మిగిలినదంతా టార్క్ కన్వర్టర్‌లోనూ దారుల్లోనూ ఉండిపోతుంది. అంటే మొదటిసారి మార్చాక లోపలున్నదానిలో సుమారు 41 శాతమే కొత్తది. కొన్నాళ్లు నడిపి రెండోసారి మారిస్తే 65 శాతం, మూడోసారికి 79 శాతం దాకా వెళ్తుంది. నాలుగోసారి చేసినా వచ్చే లాభం తక్కువ కాబట్టి నేను మూడుతో ఆపుతాను.

పాత ఫోర్‌మన్:

పై ఇద్దరూ చెప్పినది సరైనదే. మెషిన్ ఫ్లష్ గురించి, మీ రెండో మెకానిక్ భయం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పాలి.

ఈ గేర్‌బాక్స్ నిర్మాణం చాలా ఆటోమేటిక్‌లకు భిన్నమైనది. ఇందులో మాన్యువల్ గేర్‌బాక్స్‌లో లాగా పక్కపక్కన షాఫ్టులు, వాటి మీద గేర్లు, వాటికి ఆయిల్‌లో మునిగి పనిచేసే క్లచ్ ప్లేట్లు ఉంటాయి. కింద విప్పి కడిగే ట్రే లేదు. పేరుకున్న మడ్డిని ప్రెజర్‌తో కదిలిస్తే అది ఏ వాల్వులో ఇరుక్కుంటుందో చెప్పలేం గనుక, దించి పోయడమే నేను ఒప్పుకునే పద్ధతి.

ముట్టుకుంటే పోతుందన్న మాట పుట్టడానికి కారణం లేకపోలేదు. చాలామంది క్లచ్ ప్లేట్లు అరిగి, గేరు జారడం మొదలైన తరువాతే ఆయిల్ మార్చడానికి వస్తారు. అప్పటికే చెడిపోయిన బాక్స్ మరో నెలకు ఆగిపోతే, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ బండిలో జారడం లేదు, వణుకు మాత్రమే ఉంది. 60 దగ్గర తేలికపాటి యాక్సిలరేటర్ మీద వచ్చే ఆ వణుకు, నా అంచనాలో, టార్క్ కన్వర్టర్ లోపల ఇంజిన్‌ను, గేర్‌బాక్స్‌ను నేరుగా కలిపే లాకప్ క్లచ్‌ది. ఆ క్లచ్ అదరకుండా మృదువుగా పట్టుకోవడానికి ఆయిల్‌లో కలిపే మందుల శక్తి వేడికి, కాలానికి తగ్గిపోతుంది. కాబట్టి కొత్త ఆయిల్‌తో తగ్గే అవకాశం బాగానే ఉంది.

రంగును చూసి బెదిరిపోకండి. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి, వాసన చూడండి. మాడిన వాసన వస్తే ప్లేట్లు కాలినట్టు. రాజమండ్రి రోజ్ మిల్క్ లాగా కనబడితే కూలెంట్ కలిసినట్టు, అప్పుడు బండిని కదపవద్దు. డ్రెయిన్ బోల్టు కొనకు అయస్కాంతం ఉంటుంది. దాని మీద మెత్తని బూడిదరంగు ముద్ద మామూలే, రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే మాత్రం ఆయిల్ మార్చి ప్రయోజనం లేదు.

కొత్త సివిక్:

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాది 2019 పెట్రోల్ సివిక్. ఇదే డీడబ్ల్యూ-1 నాకూ పనికొస్తుందా?

పాత ఫోర్‌మన్:

పనికిరాదు. మీది సీవీటీ, అందులో గేర్లకు బదులు బెల్టు ఉంటుంది, దానికి హెచ్‌సీఎఫ్-2 అనే హోండా సీవీటీ ఆయిల్ మాత్రమే పోయాలి. దయచేసి ఈ రెండు డబ్బాలను ఒకే అరలో కూడా పెట్టకండి.

మియాపూర్ సివిక్:

అందరికీ ధన్యవాదాలు. ఇంజిన్ ఆపి, గడియారం చూసుకుంటూ 70 సెకన్లకు డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పై గీతకు కొంచెం కిందే ఉంది. ఆ లీటరు పోసి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటేనే భయమేస్తోంది. మాడు వాసన లేదు. గత ఆదివారం మొదటిసారి దించితే 2.3 లీటర్లు వచ్చింది, అయస్కాంతం మీద బూడిదరంగు ముద్ద తప్ప ముక్కలేమీ లేవు. ఈ ఆదివారం రెండోసారి దించాను, అది కూడా నల్లగానే ఉంది గాని మొదటిదాని కంటే పలుచబడింది. 60 దగ్గరి వణుకు పూర్తిగా పోయింది. రెండు, మూడు గేర్ల మధ్య కుదుపు మాత్రం ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు ఇంకా తెలుస్తోంది. మూడోసారికి డీడబ్ల్యూ-1 ఉంది గాని వాషర్లు రెండే కొన్నాను. కొత్త వాషర్ దొరకగానే దించి, కుదుపు సంగతి ఇక్కడే రాస్తాను.