సమాధుల గోడ నాటిక: అనుమతి, అంగీ, మైకులు. అనుభవం ఉన్నవారు చెప్పండి

పెన్నాతీరం:
అందరికీ నమస్కారం. నెల్లూరులో ఒక కేథలిక్ కళాశాలలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. వార్షికోత్సవానికి మేమే రాసుకున్న 40 నిమిషాల నాటిక వేద్దామనుకున్నాం. నవంబరు 2, సమాధుల పండుగ రాత్రి. ఒక పల్లె. సమాధుల తోట మధ్యలో గోడ. ఇటు ఒక కులం క్రైస్తవులు, అటు ఇంకో కులం క్రైస్తవులు. గాలికి కొవ్వొత్తి ఆరిపోతే, అటువైపు పిల్లవాడు వెలిగించుకోవడానికి గోడ మీదుగా చేయి చాపుతాడు. గొడవ అక్కడ మొదలవుతుంది.

ప్రిన్సిపాల్ ఫాదర్ స్క్రిప్టు అడిగితే ఇచ్చాం. వారానికి పెన్సిలు గీతలతో తిరిగి వచ్చింది. గోడ కట్టించిన పెద్దాయన పాపసంకీర్తనం చేసే, అంటే ఫాదర్ చెవిలో తన పాపాలు ఒప్పుకునే, సన్నివేశం తీసేయాలట. గోడ మన ప్రాంతంలో కాకుండా ఇంకెక్కడో ఉన్నట్టు మార్చాలట. నా ప్రశ్నలు: ఇలాంటి చోట అనుమతి ఎలా తెచ్చుకున్నారు? ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో వేయవచ్చా? గురువుల (ఫాదర్ల) అంగీ అద్దెకు ఎక్కడ దొరుకుతుంది? ఆరుబయట వేదిక, తొమ్మిది పాత్రలు, ఎన్ని మైకులు కావాలి?

మేకప్ పెట్టె:
ముప్పై ఏళ్లుగా నాటక పరిషత్తు పోటీల్లో ఆడుతున్నవాణ్ణి, ఒంగోలు. అంగీ సంగతి నన్నడగండి. దుస్తులు అద్దెకిచ్చే ఏ కొట్టుకు వెళ్లినా నల్ల అంగీ, నడుముకు ఎర్ర పట్టీ, పెద్ద చెక్క సిలువ కలిపి ఇస్తారు. అదే తీసుకోండి. ప్రేక్షకుడు చూడగానే ఫాదర్ అని గుర్తుపట్టాలి.

సెమినరీ వదిలినవాడు:
గుర్తుపట్టేది మీ ప్రేక్షకుడు. కేథలిక్ ప్రేక్షకుడు నవ్వుతాడు. ఎర్ర పట్టీ కార్డినల్‌కు, ఊదా పట్టీ మేత్రాణులకు, అంటే బిషప్పులకు. పల్లె గుడి చూసుకునే విచారణ గురువుకు ఎర్ర పట్టీ కడితే తాలూకా గుమాస్తాకు కలెక్టరు బిళ్ల తగిలించినట్టు ఉంటుంది. పైగా మన ఎండలకు ఇక్కడి గురువులు వేసుకునేది తెల్ల అంగీ. ఫాదర్ కావడానికి చదివే సెమినరీలో ఆరేళ్లు ఉండి వచ్చాను, అంగీలు ఉతికి ఆరేసిన చేతులివి.

మేకప్ పెట్టె:
తెల్ల అంగీ మీద లైటు పడితే నటుడి ముఖం కనిపించదు, అంగీయే వెలుగుతుంది. రంగస్థలం వేరు, గుడి వేరు.

సెమినరీ వదిలినవాడు:
అయితే లైటు తగ్గించండి. మతం మార్చడం దేనికి? రోమను అంగీకి ముందువైపు 33 గుండీలు పెట్టే సంప్రదాయం ఉంది, క్రీస్తు భూమి మీద గడిపిన ఏళ్లకు గుర్తుగా. మీ అద్దె కొట్టు అంగీకి వెనకాల జిప్పు ఉంటుంది. పాపసంకీర్తనం వినే ఫాదర్ వెనక్కి తిరిగితే ఏమవుతుందో ఊహించుకోండి.

మేకప్ పెట్టె:
నటుడు ప్రేక్షకులకు వీపు చూపించకూడదు. అది మొదటి పాఠం. మీ సెమినరీలో చెప్పి ఉండరు.

ఒక శాతం:
పిల్లవాడు సమాధుల మధ్య గోడ గురించి అడిగితే మీరు జిప్పుల గురించి మాట్లాడుతున్నారు. గోడ నిజం. మా తాతను ఏ వైపు పెట్టారో నాకు తెలుసు. 2016లో భారత కేథలిక్ మేత్రాణుల సమాఖ్యే దళితుల గురించి విధానపత్రం తెచ్చి, సంఘంలో వివక్ష ఉందని రాతపూర్వకంగా ఒప్పుకుంది. మేత్రాణులే ఒప్పుకున్నదాన్ని వార్షికోత్సవంలో చెబితే ఎందుకు పెన్సిలు గీతలు?

గోడ చర్చిలోనే ఉందా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, క్రైస్తవుణ్ణి కాబట్టి నేను ఎస్సీని కాను. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు, మాకు తెరవలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషను ఇస్తారు. నా పేరు అందుకే అలా పెట్టుకున్నాను. చర్చిలోనేమో గోడకు ఆవలివాణ్ణే. రెండు చోట్లా గోడే. ఇది రాయండి, నాటిక 40 నిమిషాలు చాలదు.

గుండ్లకమ్మ:
మా ముత్తాతలు గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది. కాబట్టి మన జిల్లాల్లో చర్చి అంటేనే దళితుల చర్చి, అక్కడ గోడ ఎవరు కట్టారు?

సెమినరీ వదిలినవాడు:
అది అమెరికన్ బాప్టిస్టు మిషను, క్లౌ దొరగారిది. కేథలిక్కులతో సంబంధం లేదు. నెల్లూరు కేథలిక్ మేత్రాసనం (బిషప్పు పరిధి) 1928లో ఏర్పడింది. అన్నిటినీ ఒకే గంపలో వేయకండి. కేథలిక్కుల్లో రెడ్లున్నారు, కమ్మవారున్నారు, దళితులున్నారు. గోడ ఉంది అంటే అందుకే ఉంది.

గుండ్లకమ్మ:
దిద్దినందుకు సంతోషం. మా ముత్తాత పేరు కూడా దిద్దుతారా?

కోర్టు గుమ్మం:
చట్టం గురించి ఎవరూ అడగలేదు, అయినా చెబుతాను. నాటకాలను ఆపడానికి బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం 2018లో రద్దయింది. మిగిలింది మతభావాలను గాయపరిస్తే పెట్టే సెక్షను. ఒకప్పటి ఐపీసీ 295-ఎ, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 299. దానికి ఉద్దేశపూర్వకమైన ద్వేషబుద్ధి రుజువు కావాలి, గోడ మీదుగా కొవ్వొత్తి చాపడం దాని కిందికి రాదు. కానీ తమ్ముడూ, నీ ఇబ్బంది పోలీసులతో కాదు. రాజ్యాంగం 30వ అధికరణ కింద అల్పసంఖ్యాకుల కళాశాల నడిపేది యాజమాన్యం. ప్రాంగణం వాళ్లది, వేదిక వాళ్లది, కరెంటు వాళ్లది. భావప్రకటన స్వేచ్ఛ పేరుతో వాళ్ల స్విచ్చి నువ్వు వేయలేవు. కాగితాలు పక్కనపెట్టి వెళ్లి మాట్లాడు.

మేకప్ పెట్టె:
చట్టం రద్దయితే ఏమిటండీ? 2022 జనవరిలో మన ప్రభుత్వమే చింతామణి నాటకాన్ని నిషేధించలేదా? వందేళ్లుగా ఆడుతున్న నాటకం. నేను 60 సార్లు సుబ్బిశెట్టి వేశాను. ఒక్క ఉత్తర్వుతో నా నోట్లో ఉన్న పాత్ర పోయింది.

కొట్టు గల్లాపెట్టె:
60 సార్లు మా కులాన్ని వేదిక మీద వెక్కిరించి, ఇప్పుడు పాత్ర పోయిందని ఏడుస్తున్నారా? కందుకూరులో మా నాన్నకు కొట్టు ఉండేది. తిరునాళ్లలో ఆ నాటకం ఆడిన మర్నాడు బడిలో పిల్లలు నన్ను ఏమని పిలిచేవారో ఇక్కడ రాయలేను. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం మాన్పించడానికి రాశారంటారు. మరి ఆ బూతులు ఆయన రాసినవా, మీరు చప్పట్ల కోసం కలిపినవా?

మేకప్ పెట్టె:
కలిపినవి ఉన్నాయి. నేనూ కలిపాను. ప్రేక్షకుడు అడిగితే కలిపాం.

కొట్టు గల్లాపెట్టె:
అడిగిన ప్రేక్షకుడు మాత్రం మా కొట్లో అప్పు పెట్టేవాడు.

గుండ్లకమ్మ:
కందుకూరు అప్పట్లో ప్రకాశం జిల్లా. 2022లో నెల్లూరులో కలిపారు కదా.

కొట్టు గల్లాపెట్టె:
జిల్లా మార్చినా పిల్లలు పిలిచిన పేరు మారలేదండీ.

నిర్వాహకుడు:
చింతామణి చర్చకు వేరే చోటు ఉంది. ఇక్కడ పెన్నాతీరం గారి నాటిక గురించి మాట్లాడండి. కులాల పేర్లతో ఇంకొక్క మాట వచ్చినా తాళం వేస్తాను.

మొగలిపూవు:
నేను 1993 నాటి సంగతి చెబుతాను. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్లు మూయించిన ఉద్యమం వేడి మీద ఉంది. ఆ అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. మేము సిస్టర్ల హాస్టల్లో ఉన్న ఆడపిల్లలం, క్రిస్మస్‌కు సారా మీద నాటిక వేస్తామన్నాం. సిస్టర్‌కు సారాతో అభ్యంతరం లేదు, మొగుణ్ణి చీపురుతో కొట్టే సన్నివేశంతోనూ లేదు. ఆడపిల్లలు లుంగీ కట్టి మీసం పెట్టుకోవడం ఒక్కటే కుదరదన్నారు. మగపిల్లలను పిలుద్దామంటే అది అసలే కుదరదన్నారు. ఇక తాగుబోతు ఎక్కడినుంచి వస్తాడు? మూడు రోజులు తాగుబోతు లేకుండా సాధన చేశాం. ఆడవాళ్లందరం ఖాళీ కుర్చీని తిడుతున్నాం. నాలుగో రోజు సిస్టర్ వచ్చి ఒక మూల కూర్చుని చూశారు. ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లి కాటుక డబ్బా తెచ్చి, నా గడ్డం పట్టుకుని, చూపుడువేలితో ఆవిడే మీసం గీశారు. ఎడమవైపు కొస కాస్త ఎక్కువ పైకి లేచింది. చీరకొంగుతో తుడిచి మళ్లీ గీశారు. లుంగీ మాత్రం పంచెగా మారింది. అది ఆవిడ షరతు.

కాబట్టి తమ్ముడూ, ఫాదర్‌కు కాగితం ఇచ్చావు. కాగితం మీద గీతలే పడతాయి. సాధనకు పిలిచి కూర్చోబెట్టు.

సెమినరీ వదిలినవాడు:
చాలా బాగుందమ్మా. ఆ సిస్టర్ అభ్యంతరానికి నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. జెస్విట్లు అనే కేథలిక్ గురువుల సభవారి 1599 నాటి విద్యా నియమావళిలో నాటకాల గురించి ఒక నియమం ఉంది: లాటిన్‌లోనే ఉండాలి, అరుదుగా వేయాలి, విషయం పవిత్రంగా ఉండాలి, స్త్రీ పాత్ర గానీ స్త్రీ దుస్తులు గానీ వేదిక మీదికి రాకూడదు. ఇన్ని ఆంక్షల మధ్యే యూరపులో బడి నాటకాన్ని పెంచింది వాళ్లే.

మొగలిపూవు:
స్త్రీ దుస్తులు వద్దన్నది మగపిల్లల బడికి. మాకు మీసం వద్దన్నారు. మొత్తానికి ఎవరి బట్టలు వాళ్లే కట్టుకోవాలన్నమాట. ఇక నాటకం ఎందుకు?

పెన్నాతీరం:
అందరికీ ధన్యవాదాలు. మొగలిపూవు అక్కా, శనివారం సాధనకు ఫాదర్‌ను పిలుస్తున్నాం. సెమినరీ అన్నా, పాపసంకీర్తనం గురించి మీరేమీ చెప్పలేదు. మా కథలో పెద్దాయన గోడ తానే కట్టించానని చెప్పుకుంటాడు, మర్నాడు ఫాదర్ ఆ సంగతి ప్రసంగంలో బయటపెడతారు. కథ మలుపు అదే. మైకుల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

సెమినరీ వదిలినవాడు:
ఇది ముందే చెప్పవలసింది తమ్ముడూ! మీ ఫాదర్ గీత ఎందుకు గీశారో ఇప్పుడు అర్థమైంది. పాపసంకీర్తనంలో విన్నది గురువు ఏ కారణం చేతనూ, మాటతో గానీ సైగతో గానీ బయటపెట్టకూడదు. శ్రీసభ (కేథలిక్ సంఘం) న్యాయస్మృతి 983లో ఉంది. నేరుగా బయటపెట్టినవాడు ఆ క్షణమే వెలివేతకు గురవుతాడు, ఎవరూ తీర్పు చెప్పనక్కరలేదు. మీరు గోడ కట్టినవాణ్ణి దోషిని చేశామనుకుంటున్నారు. ప్రేక్షకుల్లో ఉన్న ప్రతి కేథలిక్కూ మీ ఫాదర్ పాత్రనే చూసి బిగుసుకుపోతాడు. గోడ మరిచిపోతాడు.

ఒక శాతం:
అంటే గోడ కట్టినవాడు చెవిలో చెప్పేసి హాయిగా ఇంటికి వెళ్లిపోవచ్చు, విన్నవాడు నోరు మూసుకోవాలి. అదే కదా మా బాధ.

సెమినరీ వదిలినవాడు:
అయితే దాన్నే వేదిక ఎక్కించండి. ఫాదర్‌కు తెలుసు, చెప్పలేడు. మర్నాడు సమాధులకు పవిత్రజలం చల్లుతూ గోడ దగ్గరికి వస్తాడు. రెండు వైపులవాళ్లూ చూస్తున్నారు, పెద్దాయన కూడా చూస్తున్నాడు. ఎవరి పేరూ ఎత్తకుండా ఆయన ఏం చేస్తాడు? అది రాయండి.

మేకప్ పెట్టె:
గోడ దేనితో కడుతున్నారు? థర్మాకోల్ అయితే ఆరుబయట గాలికి మొదటి సన్నివేశంలోనే పడిపోతుంది. ఒంగోలులో మా కోట గోడ రాజుగారి మీద పడింది, ఆయన దాన్ని ఒక చేత్తో పట్టుకునే పద్యం ముగించాడు. బియ్యం సంచుల్లో సగం ఇసుక పోసి పేర్చి, పైన సున్నం కొట్టండి.

పెన్నాతీరం:
శనివారం ఫాదర్ వచ్చారు. గంట కూర్చున్నారు. కొత్త సన్నివేశంలో మా వాడు నీళ్లు చల్లుతూ గోడ దగ్గర ఆగి, గోడ మీద కూడా చల్లి, మాట లేకుండా వెళ్లిపోతాడు. అయిపోయాక ఫాదర్ లేచి, “నీళ్లు కుడిచేత్తో చల్లాలి” అన్నారు. గోడ ఎక్కడుందో మార్చాలన్న మాట మళ్లీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. తెల్ల అంగీ ఆయనదే ఇస్తామన్నారు, మరకలు పడకూడదట. తపస్సుకాలం మొదలయ్యే ముందు గురువారం ప్రదర్శన. అయితే పూర్వ విద్యార్థుల సంఘంలో చందాలిచ్చే పెద్దలు ఇద్దరు ఫాదర్‌కు ఫోను చేశారని తెలిసింది. వాళ్లు మొదటి వరుసలో కూర్చుంటారు.

ఒక శాతం:
నేను రెండో వరుసలో కూర్చుంటాను. సరిగ్గా వాళ్ల వెనకే.

మొగలిపూవు:
మా అమ్మాయిని తీసుకుని వస్తాను. కాటుక తెమ్మంటావా?

పెన్నాతీరం:
తప్పకుండా అక్కా. మైకుల సంగతి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

మేకప్ పెట్టె:
పైనుంచి వేలాడేవి మూడు, ముందు నేల మీద రెండు. ఆరుబయట అంతకన్నా పెడితే గాలి హోరు తప్ప మాట వినిపించదు.

గుండ్లకమ్మ:
వేలాడే మైకులు ఆరుబయట దేనికి వేలాడదీస్తారండీ, ఆకాశానికా?