‘వూట్జ్ ఉక్కు’ అని రాయడం సరేనా?

మెటలర్జీ లెక్చరర్:

అందరికీ నమస్కారం. హైస్కూలు పిల్లల పత్రిక ఒకదానికి మన పాతకాలపు ఉక్కు తయారీ గురించి వ్యాసం రాస్తున్నాను. అందులో ‘వూట్జ్ ఉక్కు’ అన్న మాట పది పన్నెండు చోట్ల వచ్చింది. నిన్న మా అమ్మ చదివి “వూట్జ్ అంటే ఏంటి నాన్నా?” అని అడిగింది. “ఉక్కే అమ్మా, ఇంగ్లీషువాళ్లు అలా రాసుకున్నారు” అన్నాను. “మరి ఉక్కు ఉక్కు అని రెండుసార్లు రాయడం దేనికి?” అంది. ఇన్నేళ్లుగా క్లాసులో చెబుతున్న మాట. ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. ఇప్పుడు ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆ మాట ఎలా పుట్టిందో తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. 1794లో బొంబాయిలో ఉన్న డాక్టర్ హెలెనస్ స్కాట్ ఈ ఉక్కు ముద్దలు కొన్ని లండన్‌లో రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కి పంపించాడు. వాటిని జార్జ్ పియర్సన్ పరీక్షించి 1795లో సొసైటీ పత్రికలో వ్యాసం వేశాడు. ఆ వ్యాసంతోనే ‘వూట్జ్’ అన్న పేరు శాస్త్రలోకంలో స్థిరపడిపోయింది. ‘వూక్’ అని ఉండాల్సింది రాతలోనో అచ్చులోనో చెడి ‘వూట్జ్’ అయిందని, దాని మూలం కన్నడ, తెలుగు భాషల ‘ఉక్కు’ అని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. తర్వాత మైకేల్ ఫారడే అంతటివాడు కూడా, విద్యుత్తు పనిలో పేరు రాకముందే, 1819 ప్రాంతంలో కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి ఈ ఉక్కు గుట్టు తెలుసుకోవడానికి ప్రయోగాలు చేశాడు.

నా ప్రశ్న ఇదీ. ఈ ప్రత్యేకమైన ఉక్కుకి తెలుగులో ఏ పేరు రాయాలి? ఉత్త ‘ఉక్కు’ అంటే పిల్లలకి విశాఖ ఉక్కు గుర్తొస్తుంది. ‘వూట్జ్’ అంటే మన మాటే చెడిపోయి మన దగ్గరికి తిరిగొచ్చినట్టు ఉంటుంది.

తెలుగు టీచరు:

లెక్చరర్‌గారూ, ‘వూక్’లో మొదట ‘వ’ ఎందుకొచ్చిందా అని ఎవరైనా అడగొచ్చు కాబట్టి ముందు అది చెబుతాను. మన నోటిలో మాట మొదటి ‘ఉ’ ముందు చిన్న ‘వ’ పలుకుతుంది. పాత ఉత్తరాల్లో ‘వుంది’, ‘వూరు’, ‘వుత్తరం’ అని రాసింది అందుకే. కన్నడంలోనూ అంతే. ‘వుక్కు’ అని విన్న తెల్లదొర ‘వూక్’ అని రాసుకోవడంలో వింతేమీ లేదు.

డిగ్రీ విద్యార్థిని:

టీచర్‌గారూ, నాదో సందేహం. తమిళంలో ఉక్కుని ‘ఉరుక్కు’ అంటారని మా చెన్నై పిన్ని చెప్పింది. మన ‘ఉరుకు’ అంటే పరుగెత్తు కదా. కరిగిన లోహం ఉరుకుతుంది కాబట్టి ఆ పేరు వచ్చిందా?

తెలుగు టీచరు:

మీ పిన్నిగారు చెప్పింది నిజమేనమ్మా, కానీ దారి అది కాదు. తమిళంలో ‘ఉరుగు’ అంటే కరుగు. దానినుంచే ‘ఉరుక్కు’, అంటే కరిగించినది. మలయాళంలోనూ ‘ఉరుక్కు’ ఉంది. కన్నడంలో ‘ఉర్కు’, ‘ఉక్కు’ రెండూ కనిపిస్తాయి. తెలుగుకి వచ్చేసరికి ‘ఉక్కు’ ఒక్కటే మిగిలింది. మధ్యలో ఉన్న రకారం తర్వాతి హల్లులో కలిసిపోవడం మనకి కొత్త కాదు. తమిళ ‘ఎరుదు’ మన ‘ఎద్దు’, తమిళ ‘మరుందు’ మన ‘మందు’. ‘ఉక్కు’ కూడా ఆ వరసలోదే.

మనకి తెలియకుండా జరిగిన నష్టం ఒకటుంది. తమిళుడు ‘ఉరుక్కు’ అనగానే అందులో కరిగించడం వినపడుతుంది. మనం కరగడానికి ‘కరుగు’ అన్న వేరే ధాతువు వాడతాం కాబట్టి ‘ఉక్కు’లో ఉన్న కొలిమి మనకి కనిపించదు. గట్టిదనం ఒక్కటే కనిపిస్తుంది. ఉక్కుమనిషి, ఉక్కుపిడికిలి, ఉక్కు సంకల్పం అన్నీ గట్టిదనానివే. పాత కావ్యభాషలో ‘ఉక్కడగు’ అంటే బలం తగ్గిపోవడం. అక్కడికే ఉక్కు అంటే బలం అయిపోయింది.

మెటలర్జీ లెక్చరర్:

టీచర్‌గారూ, మీరు చెప్పింది చదివి లేచి నిలబడ్డాను. ఎందుకో చెబుతాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇప్పుడు ఏ ఉక్కయినా కరిగిస్తేనే వస్తుంది. కాబట్టి ‘కరిగించినది’ అన్న పేరులో విశేషం కనపడదు. పాతకాలంలో అలా కాదు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల సెల్సియస్ కావాలి. బొగ్గు, తిత్తి ఉన్న పల్లె కొలిమి అంత వేడి ఇవ్వదు. అందుకని ఖనిజం నుంచి ఇనుము కరగకుండానే మెత్తని ముద్దగా వచ్చేది. దాన్ని సుత్తితో బాది, లోపలి చిట్టెం, అంటే ఖనిజంలోని మలినాలు కరిగి ఏర్పడ్డ మడ్డి, బయటికి పిండేవాళ్లు. యూరప్‌లో ఉక్కు చేయడానికి ఇనుప కడ్డీలని బొగ్గుపొడిలో పెట్టి రోజుల తరబడి కాల్చేవాళ్లు. పైపైన కార్బన్ పట్టేది కానీ లోహం కరిగేది కాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ దగ్గర బెంజమిన్ హంట్స్‌మన్ ఉక్కుని మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో, కరిగించడం నేర్చుకున్నది 1740లలో.

మన వాళ్లు చేసిన పని వేరు. ఇనుప ముక్కలు, కట్టె, ఆకులు మట్టి మూసలో పెట్టి, మట్టితోనే మూత వేసి, గాలి చొరకుండా మూసేసేవాళ్లు. తంగేడు కట్టె వాడేవారని దక్షిణాదిలో తిరిగిన యూరోపియన్లు రాశారు. మన బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. వేడికి కట్టె బొగ్గయి, దాని కార్బన్ ఇనుములోకి ఇంకుతుంది. ఇంకే కొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత దిగుతుంది. 4.3 శాతం కార్బన్ దగ్గర అది 1147 డిగ్రీలకి పడిపోతుంది. కానీ అంత దూరం పోనిస్తే వచ్చేది పోత ఇనుము, సుత్తి దెబ్బకి పగిలిపోతుంది. ఒకటి నుంచి రెండు శాతం మధ్య ఆపాలి. లోపల ఏం జరుగుతోందో కంటికి కనపడదు, థర్మామీటరు లేదు, మూత తీసి చూసే వీలు లేదు. ఎంత ఇనుముకి ఎంత కట్టె వెయ్యాలో, ఎన్ని గంటలు ఊదాలో చేతికి తెలిసి ఉండాలి. ఆ తర్వాత మూసని నెమ్మదిగా చల్లారనివ్వాలి.

మూస కూడా మామూలు మట్టి కాదు. వరి ఊక కలిపిన మట్టి. ఊక కాలిపోయి మిగిలిన సిలికా, కార్బన్ ఆ వేడికి మూస కుంగిపోకుండా ఆపేవి. డమాస్కస్ కత్తుల మీద కనిపించే నీటి అలల్లాంటి గీతలు ఈ ఉక్కులోని కార్బైడ్ (ఇనుము, కార్బన్ కలిసిన గట్టి పదార్థం) కణాలు వరసలు కట్టడం వల్ల వచ్చినవే. ఆ వరసలకి వెనేడియం లాంటి మూలకాలు అతి తక్కువ మోతాదులో ఉన్నా చాలని 1990లలో జాన్ వెర్‌హోవెన్ బృందం అమెరికాలో ప్రయోగాలు చేసి చూపించింది.

ఇంగ్లీషు ‘స్టీల్’ ధాతువుకి అర్థం గట్టిగా నిలబడడం. వాళ్ల మాట గుణం చెబుతుంది. మన మాట తయారీ పద్ధతి చెబుతుంది. ఒక్క పదాన్ని బట్టి చరిత్ర తేల్చేయకూడదని నాకు తెలుసు. అయినా నాలుగు భాషల్లో ఉక్కుని ‘కరిగించినది’ అని పిలిచారంటే, కరిగించడమే ఆ పనిలో గొప్ప అని వాళ్లకి తెలుసనే నా నమ్మకం.

నిజామాబాద్ వైపు నుంచి:

మా జిల్లా పేరు ఎవరూ ఎత్తలేదని ఆగలేక రాస్తున్నా. కోనసముద్రం మా కమ్మర్‌పల్లి మండలంల ఉంది. సర్వే శాఖలో పనిచేసిన హెన్రీ వాయ్సీ అక్కడికొచ్చి, ఉక్కు ఎట్ల చేస్తరో చూసి రాసిండు. ఆయన చనిపోయినంక 1832లో అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికల అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పర్షియా వర్తకుడు ఒకాయన అక్కడ్నే మకాం పెట్టి సరుకు కొంటున్నట్టు కూడా అందుల ఉంది. రెండు చోట్ల ఇనుము తెచ్చి కలిపేటోళ్లట.

మా దిక్కు చేను దున్నితే ఇప్పటికీ నల్లటి చిట్టెం గడ్డలు తేలుతయి. చిన్నప్పుడు వాటిని రాళ్లనుకుని కట్టకి వేసేటోళ్లం. మా తాత మాత్రం “అది రాయి కాదు బిడ్డా, కొలిమి కక్కింది” అనేటోడు. మా ఇంట్ల మూస పెంకు ఒకటి ఇంకా ఉంది. లోపలి వైపు గాజు పూసినట్టు మెరుస్తది.

డిగ్రీ విద్యార్థిని:

అయితే ‘మూస ఉక్కు’ అని పెడితే సరిపోదా?

తెలుగు టీచరు:

పేరు చక్కగా ఉందమ్మా, అర్థం కూడా సరిగ్గా సరిపోయింది. నాకున్న భయం ఒక్కటే. ఇవాళ ‘మూస’ అంటే పిల్లలకి మూస సినిమా, మూస కథ. కొత్తదనం లేనిది అనుకుంటారు. లోహం కరిగించే పాత్ర అని చెప్పేవాళ్లు కంసాలి వీధిలో తప్ప ఎక్కడున్నారు?

మెటలర్జీ లెక్చరర్:

అందుకే వాడాలి టీచర్‌గారూ. వాడకపోతే ఆ పాత అర్థం కంసాలి వీధిలో కూడా మిగలదు. మొదటిసారి వచ్చిన చోట ఒక వాక్యం వివరణ ఇస్తాను. ‘వూట్జ్’ని పూర్తిగా తీసెయ్యను, రేపు పిల్లలు ఇంగ్లీషు పుస్తకంలో చూస్తే గుర్తుపట్టాలి కదా. ఇలా మార్చాను, చూడండి:

“ఇనుముని మట్టి మూసలో పెట్టి కరిగించి చేసే ఈ ఉక్కుని మూస ఉక్కు అందాం. మూస అంటే కంసాలి బంగారం కరిగించే చిన్న మట్టి పాత్ర లాంటిది. మన ‘ఉక్కు’ అన్న మాటే ఇంగ్లీషు పుస్తకాల్లో ‘వూట్జ్’ అయింది.”

అమ్మకి చదివి వినిపించాను. ఇప్పుడు అర్థమైంది అంది.

నిజామాబాద్ సోదరా, ఆ పెంకు ఫొటో ఒకటి పెట్టగలరా? లోపలి వైపు, అంచు రెండూ కనపడాలి. పక్కన రూపాయి బిళ్ల ఉంచితే కొలత తెలుస్తుంది. దయచేసి దాన్ని కడగకండి. లోపల అంటుకున్న ఆ గాజులో చిన్న చిన్న ఉక్కు పూసలు చిక్కుకుని ఉండొచ్చు.