1953 నాటి లూథర్ సినిమా రిఫర్మేషన్ డేకి పిల్లలకు చూపించాలా, వద్దా?

గుంటూరు యూత్:
మాది గుంటూరు దగ్గర లూథరన్ సంఘం. పదహారో శతాబ్దంలో జర్మనీలో చర్చి సంస్కరణ మొదలుపెట్టిన మార్టిన్ లూథర్‌ను గుర్తుచేసుకునే రిఫర్మేషన్ డే అక్టోబరు 31. ఆ సాయంత్రం గుళ్లో తెర కట్టి 1953లో వచ్చిన 'మార్టిన్ లూథర్' సినిమా వేద్దామని యూత్ వాళ్లం అనుకున్నాం. తొమ్మిది, పది తరగతుల పిల్లలు నలభై మంది దాకా వస్తారు. కమిటీలో ఒక పెద్దాయన ఒప్పుకోలేదు. "సగం కథ చెప్పి ఇదే కథ అంటే అబద్ధం చెప్పినట్టేరా" అన్నారు. ఇంకొకాయన లేచి "పండుగ పూట మన మనిషి తప్పులు మనమే ఎత్తుకోవాలా?" అన్నారు. ఏదీ తేలకుండానే మీటింగ్ అయిపోయింది.

చూడని వాళ్ల కోసం: దర్శకుడు ఇర్వింగ్ పిచెల్, లూథర్‌గా నియాల్ మగినిస్. బ్లాక్ అండ్ వైట్, గంటా నలభై అయిదు నిమిషాలు. పశ్చిమ జర్మనీలో తీశారు, నిర్మాణంలో లూథరన్ సంఘాలకు భాగం ఉంది. 1505లో లూథర్ మఠంలో చేరడంతో మొదలై 1530లో లూథరన్లు తమ నమ్మకాలు రాసి ఇచ్చిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనతో ఆగిపోతుంది. ఆయన చనిపోయింది 1546లో. మిగిలిన పదహారేళ్లు అందులో లేవు. మీరైతే ఏం చేస్తారు?

పాత సినిమాల అభిమాని:
తప్పకుండా వేయండి. కెమెరాకు, కళా దర్శకత్వానికి ఆస్కార్ నామినేషన్లు వచ్చిన సినిమా అది. నేను దాన్ని ఎప్పుడు చూసినా వర్మ్స్ సభ దగ్గర ఆగిపోతాను. 1521 ఏప్రిల్ 17న చక్రవర్తి ముందు నిలబెట్టి, ఈ పుస్తకాలు నీవేనా, వీటిలో రాసింది వెనక్కి తీసుకుంటావా అని అడిగితే లూథర్ వెంటనే గర్జించలేదు. ఆలోచించుకోవడానికి ఒక రోజు గడువు అడిగాడు. ఒప్పుకోనని చెప్పింది మర్నాడు. మగినిస్ హీరోలా కనపడడు. లావుపాటి మొహం, లోపల భయం. భయపడుతూనే నిలబడిన మనిషిని పదో తరగతి పిల్లలు చూడాలి. పరీక్షల టెన్షన్‌లో ఉన్న వాళ్లకు అంతకన్నా ఏం కావాలి?

1530లో ఆపడం కూడా తప్పు కాదు. ఏ సినిమా అయినా ఒక జీవితంలో ఒక ముక్కే తీసుకుంటుంది.

నల్లగొండ టీచర్:
నేను హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా పుస్తకాల్లో లూథర్ అంటే పాపాల శిక్ష తగ్గుతుందని చర్చి డబ్బుకు అమ్మిన పాపపరిహార పత్రాలు, వాటికి వ్యతిరేకంగా చర్చి తలుపుకు కొట్టిన 95 వాదాలు, అంతే. పిల్లలకు తెలిసింది ఆ నాలుగు లైన్లే. మీ సినిమా ఆ నాలుగు లైన్లను ఇంకా గట్టిగా నాటుతుంది. అసలు ఆ మేకు కొట్టిన సంగతి కూడా ఖాయం కాదు. 1517 అక్టోబరు 31న మైన్జ్ ఆర్చిబిషప్‌కు ఉత్తరం రాసిన మాట నిజం. తలుపుకు కొట్టాడా లేదా అని 1961 నుంచి చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. అది చిన్న విషయం, వదిలేద్దాం.

'ఒక ముక్కే తీసుకుంటుంది' అన్న మాట మీద నాకు అభ్యంతరం ఉంది. రైతుల తిరుగుబాటు 1525లో జరిగింది, అంటే ఆ ముక్క లోపలే ఉంది. ఆ ఏడాది మార్చిలో మెమ్మింగెన్‌లో రైతులు పన్నెండు డిమాండ్లు రాసుకున్నారు. మా పాస్టర్‌ను మేమే ఎన్నుకుంటాం, అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వండి, క్రీస్తు తన రక్తంతో అందరినీ విడిపించాడు కాబట్టి మమ్మల్ని దొరల సొత్తుగా ఉంచకండి అన్నారు. వెట్టి అంటే ఏమిటో మా జిల్లాలో ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. ఆ మాటలు చదివితే నాకు గొంతు పట్టేస్తుంది. వాళ్లకు ఆ ధైర్యం లూథర్ రాతల నుంచే వచ్చింది. ఆయన మొదట దొరలనూ తప్పు పట్టాడు, అది ఒప్పుకుంటాను. తర్వాత, రైతులను పిచ్చికుక్కను చంపినట్టు చంపమని రాశాడు. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్‌లో దొరల సైన్యాలు వేల మంది రైతులను నరికేశాయి. సినిమా దీని దగ్గర నిలబడదు, దాటేసి పోతుంది.

ఇక 1543. యూదుల మీద రాసిన పుస్తకంలో వాళ్ల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమన్నాడు, ఇళ్లు కూలగొట్టమన్నాడు, ప్రార్థన పుస్తకాలు లాక్కోమన్నాడు. 1946లో న్యూరెంబర్గ్ విచారణలో నాజీ పత్రికాధిపతి స్ట్రైషర్ తనకు అడ్డంగా పెట్టుకున్నది లూథర్ పేరే. అది జరిగిన ఏడేళ్లకు, అదే జర్మనీలో తీసిన సినిమా ఇది. తీసినవాళ్లకు తెలియదని నేను నమ్మను.

విచారణ బిడ్డ:
మాది ఆర్.సి.ఎం., రోమన్ క్యాథలిక్ విచారణ (పారిష్). మీ సంఘం విషయంలో నేను తలదూర్చడం కాదు గానీ, ఒక మాట చెప్పాలనిపించింది.

నవంబరు 2 సమాధుల పండుగ. మీ రిఫర్మేషన్ డేకి రెండు రోజుల తర్వాత. మా నాయనమ్మ ముందు రోజే తాతయ్య సమాధికి సున్నం కొట్టించి, సాయంత్రం బంతిపూలు చల్లి, గాలికి ఆరిపోకుండా కొవ్వొత్తి చుట్టూ చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఉత్తరించు స్థలంలో, అంటే చనిపోయిన ఆత్మలు మోక్షానికి ముందు శుద్ధి అయ్యే చోట, ఆయన ఆత్మకు శాంతి కలగాలని పూజ చెప్పించేది. ఆ కానుక కోసం చీర కొంగున చిల్లర దాచుకునేది. లూథర్ కాలంలో టెట్జెల్ అనే సన్యాసి పాపపరిహార పత్రాలు అమ్మడం దోపిడీయే, అది మా చర్చి కూడా తర్వాత ఒప్పుకుని సరిదిద్దుకుంది. కానీ ఆ సినిమాలో కొనేవాళ్లందరూ అమాయకపు మొహాలేసుకుని కనపడతారు. వాళ్లలో మా నాయనమ్మ ఉంటుంది. ఆమెను చూసి మీ పిల్లలు నవ్వకూడదు.

గుంటూరు యూత్:
చదివి కాసేపు ఏమీ టైప్ చెయ్యలేకపోయాను. సమాధుల పండుగ మా ఇళ్లలోనూ చేస్తారు. మా అమ్మ కూడా కొవ్వొత్తులు పట్టుకెళ్తుంది.

పాత సినిమాల అభిమాని:
విచారణ బిడ్డ గారూ, మీ మాటకు ఒకటి కలుపుతాను. లూథర్ రోమ్ వెళ్లినప్పుడు అక్కడి 28 పవిత్ర మెట్లను మోకాళ్ల మీద ఎక్కాడు, చనిపోయిన తాత ఆత్మను విడిపించాలని. తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. 95 వాదాల్లో కూడా ఉత్తరించు స్థలం లేదని ఎక్కడా అనలేదు. బెంగతో ఉన్న మనుషుల దగ్గర డబ్బు గుంజుతున్నారన్నదే ఆయన కోపం. మీ నాయనమ్మ గారి బెంగ, ఆయన బెంగ ఒకటే.

డాలస్ నుంచి:
వద్దు అనేవాళ్లకు ఒక సంగతి. ఈ సినిమాను 1953లో క్యూబెక్ సెన్సార్ బోర్డు నిషేధించింది. 1956 డిసెంబరులో షికాగోలో ఒక టీవీ చానెల్ ప్రసారం చేస్తామని ప్రకటించి, క్యాథలిక్కుల నుంచి ఫోన్లు, ఉత్తరాలు రావడంతో మానేసింది. దాని మీద పెద్ద గొడవ జరిగి, 1957 ఏప్రిల్‌లో అదే ఊళ్లో ఇంకో చానెల్ వేసింది. అప్పుడు ఆపినవాళ్లు క్యాథలిక్కులు. ఇప్పుడు మనమే ఆపుకుంటే తేడా ఏముంది?

నల్లగొండ టీచర్:
అన్నా, నేను ఆపమనలేదు. సినిమా మొదట్లోనే ఒక ప్రకటన వస్తుంది గమనించారా? అనేక శాఖల చరిత్రకారులు చెప్పినదాన్ని జాగ్రత్తగా పరిశోధించి తీశామని. కథ అని చెప్పి ఉంటే నాకు ఇబ్బంది లేదు. చరిత్ర అని చెప్పారు కాబట్టి చరిత్ర లెక్క అడుగుతున్నాను. ప్రపంచ లూథరన్ సమాఖ్యే 1984లో బుడాపెస్ట్‌లో, యూదుల మీద లూథర్ రాసినవి తమకు సమ్మతం కావని బయటికి చెప్పింది. మీ పెద్ద సంస్థ చెప్పిన మాట మీ గుళ్లో చెప్పడానికి భయం ఎందుకు? వెయ్యండి. లైట్లు వేశాక పిల్లల్ని వెంటనే పంపించకండి.

పాత సినిమాల అభిమాని:
దానికి ఒప్పుకుంటాను. కానీ ముందే ఉపన్యాసం ఇచ్చి మొదలుపెట్టకండి, దండం పెడతాను. ముందు చూడనివ్వండి. మొదటే తప్పులు చెప్తే పిల్లలు వర్మ్స్‌లో ఆ మనిషి భయాన్ని చూడరు, నేరస్తుడినే చూస్తారు.

నల్లగొండ టీచర్:
ఇక్కడ నాకూ మీకూ కుదరదు. మధ్యలో ఆపి చెప్పాలి, 1525 దగ్గర. చివర్లో చెప్తే అనుబంధంలా ఉంటుంది, బిర్యానీ తిన్నాక మందుబిళ్ల ఇచ్చినట్టు.

గుంటూరు యూత్:
నిన్న మళ్లీ కూర్చున్నాం. పెద్దాయన ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. 1525 దగ్గర సినిమా ఆపి రైతుల డిమాండ్లలో మూడోది, దొరల సొత్తుగా ఉంచొద్దన్నది, ఒక పిల్లవాడి చేత చదివిస్తాం. అది తెలుగులోకి రాయడానికి టీచర్ గారి సాయం కావాలి. 1543 సంగతి చివర్లో పెద్దాయనే చెప్తానన్నారు. రెండో ఆయన ఇంకా కోపంగానే ఉన్నారు, ఆ రోజు రానన్నారు. ఆయన ఇంటికి రేపు మా పాస్టర్ అయ్యగారు వెళ్తున్నారు.

విచారణ బిడ్డ గారూ, మీది దగ్గర ఊరైతే ఆ సాయంత్రం వచ్చి మీ నాయనమ్మ గారి గురించి పిల్లలకు చెప్తారా?

విచారణ బిడ్డ:
మాది తెనాలి. వస్తాను. ఎన్ని గంటలకు?