‘మోస్ట్ అడ్వాంటేజియస్ టెండర్’ని తెలుగులో ఏమనాలి?

కాగితంపులి:
వివిధ దేశాల ప్రభుత్వ కొనుగోలు నియమాలను పోల్చే వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాం. మూడుచోట్ల ఆగిపోయాం. శీర్షికలో ‘ప్రభుత్వ సేకరణ’ అని ఉంది. ‘మోస్ట్ అడ్వాంటేజియస్ టెండర్’కి ‘అత్యంత ప్రయోజనకరమైన టెండరు’ అని రాశారు, ఎవరికి ప్రయోజనమో తెలియడం లేదు. ‘లిమిటెడ్ టెండరింగ్’కి ‘పరిమిత టెండరు’ అని ఉంది. మీ సలహా కావాలి.

షెడ్యూల్-బి:
శీర్షిక నుంచే మొదలుపెడదాం. ‘సేకరణ’ అనగానే మన పాఠకుడికి భూసేకరణో ధాన్యం సేకరణో గుర్తొస్తుంది. రెండూ ఇక్కడ పనికిరావు. ప్రపంచ వాణిజ్య సంస్థలో దీనికో ఒప్పందం ఉంది, పొట్టిగా జీపీఏ అంటారు. ఇప్పుడున్న రూపం 2012లో ఆమోదం పొంది 2014 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం తన అవసరాలకు కొనేదే దాని పరిధిలోకి వస్తుంది. తిరిగి అమ్మడానికి కొనేది రాదు. రేషన్ షాపుకి పంపే ధాన్యం సంగతి అక్కడే తేడా పడుతుంది. కాబట్టి ‘ప్రభుత్వ కొనుగోళ్లు’ అనండి. పనులు, సేవలు కూడా ఉన్నాయి కదా అంటారేమో, మొదటి పేరాలో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది. అన్నట్టు భారత్ ఈ ఒప్పందంలో సభ్యదేశం కాదు, 2010 నుంచి పరిశీలక హోదా మాత్రమే. వ్యాసంలో ‘మనకు వర్తించే’ లాంటి మాట ఎక్కడైనా దొర్లిందేమో చూసుకోండి.

ఇక ‘పరిమిత టెండరు’ శుద్ధ తప్పు. మన కేంద్ర ఆర్థిక నియమాల్లో, అంటే 2017 జీఎఫ్‌ఆర్‌లో, లిమిటెడ్ టెండర్ ఎంక్వయిరీ అంటే తెలిసిన సరఫరాదారులు కొందరికి నేరుగా రాసి ధరలు అడగడం. ముగ్గురికి మించి ఉండాలి. అంటే పోటీ ఉంటుంది, వాకిలి చిన్నది, అంతే. జీపీఏలో లిమిటెడ్ టెండరింగ్ వేరు: తనకు నచ్చిన సరఫరాదారు దగ్గరికి ప్రభుత్వం నేరుగా వెళ్లడం. 13వ అధికరణంలో దానికి షరతులున్నాయి. పిలిచినా ఎవరూ రాకపోవడం, పేటెంటు వల్ల ఒక్కరే ఇవ్వగలగడం, ముందుగా ఊహించలేని అత్యవసరం, పాత యంత్రానికి సరిపడే విడిభాగాలు ఆ కంపెనీవే కావాల్సి రావడం, ఇలాంటివి. పేరు ఒకటే, పద్ధతులు రెండు.

జీపీఏ మాటకి తెలుగు కొత్తగా పుట్టించక్కర్లేదు. పత్రికలు రోజూ రాస్తున్నాయి: ‘నామినేషన్ పద్ధతి’. ‘నామినేషన్‌పై పనులు కట్టబెట్టారు’ అంటే ఊళ్లో ఎవరికైనా అర్థమవుతుంది.

పాతనిఘంటువు:
‘నామినేషన్’లో నింద ధ్వనిస్తుంది. ‘కట్టబెట్టారు’ పక్కన వినీ వినీ ఆ మాటకే మసి అంటుకుంది. చట్టం ఒప్పుకున్న పద్ధతికి ఆ పేరు పెడితే వ్యాసం ఆరోపణలా ఉంటుంది. ‘నేరు కేటాయింపు’ అంటే? బ్రిటన్ కొత్త చట్టం కూడా ‘డైరెక్ట్ అవార్డ్’ అని తేలికమాటే వాడింది.

షెడ్యూల్-బి:
ఒప్పుకుంటాను. ‘నేరు కేటాయింపు’ అని రాసి, మొదటిసారి వచ్చినచోట ‘మన దగ్గర నామినేషన్ అనేది’ అని కలిపితే చాలు.

‘సింగిల్ టెండర్’ దగ్గర కూడా ఇదే గొయ్యి ఉంది. జీఎఫ్‌ఆర్‌లో సింగిల్ టెండర్ ఎంక్వయిరీ అంటే పిలిచిందే ఒక్కరిని. పత్రికల్లో ‘సింగిల్ టెండరు దాఖలైంది’ అంటే అందరినీ పిలిస్తే ఒక్కరే వచ్చారని. మొదటిది పద్ధతి, రెండోది ఫలితం. తెలుగులో ‘టెండరు’ ఒక్కమాటే ఇటూ అటూ పనిచేస్తుంది కాబట్టి క్రియ జాగ్రత్తగా వాడాలి. ప్రభుత్వం పిలుస్తుంది, కాంట్రాక్టరు వేస్తాడు, కమిటీ తెరుస్తుంది, ఖరారు చేస్తుంది. ‘టెండరు జారీ అయింది’ అని రాస్తే ఎవరు ఏం చేశారో తేలదు.

ప్యారిస్‌పక్కన:
అసలు ప్రశ్నకి వస్తే, ఫ్రెంచివాళ్ల దగ్గర ఒక జంట ఉంది: ‘ముఆఁ దిజాఁ’, ‘మ్యూ దిజాఁ’. తక్కువ చెప్పినవాడు, మేలు చెప్పినవాడు. ‘దిజాఁ’ అంటే చెప్పేవాడు. తక్కువ ధర చెప్పినవాడికే ఇవ్వాలా, అన్నీ కలిపి మెరుగ్గా చెప్పినవాడికి ఇవ్వాలా అన్న వాదమంతా ఆ రెండు మాటల్లోనే నడుస్తుంది. మనకూ నోటితో చెప్పే బేరానికి సొంత మాటుంది కదా, పాట! వేలంలో ధర ‘పాడతాం’. దేవస్థానం కొబ్బరికాయల కొట్టు హెచ్చుపాటదారుడికి వెళ్తుంది. అదే లెక్కన ‘తక్కువ పాట’, ‘మేలు పాట’ అనకూడదా?

పాతనిఘంటువు:
వినడానికి ముచ్చటగానే ఉంది గానీ, పాట అంటే బహిరంగం. పక్కవాడు ఎంత పాడాడో విని మనం పాడతాం. టెండరు సీలు వేసిన కవరు, తెరిచేదాకా ఎవరి ధర ఎవరికీ తెలియకూడదు. ‘పాట’ అంటే ఆ గుట్టు పోతుంది. అయితే రివర్స్ ఆక్షన్‌కి మాత్రం అతికినట్టు సరిపోతుంది. అక్కడ ధర తెర మీద కనిపిస్తుంది, ఒకరిని చూసి ఒకరు దిగుతారు. ‘తగ్గింపు పాట’ అనొచ్చు. 2019లో పోలవరంతో ఆంధ్రప్రదేశ్‌లో ‘రివర్స్ టెండరింగ్’ అన్న మాట ఇంటింటా వినిపించింది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘం 2011 నమూనా చట్టంలో ‘ఎలక్ట్రానిక్ రివర్స్ ఆక్షన్’ అనే ఉంది, అది ఆక్షనే, టెండరు కాదు.

షెడ్యూల్-బి:
‘మేలు’ మాత్రం వదలకండి. ‘అత్యంత ప్రయోజనకరమైన’ కంటే ‘మేలైన టెండరు’ నయం. ఎవరికి మేలన్న ప్రశ్నకు జవాబు నియమాల్లోనే ఉంది: కొనేవాడు ముందే ప్రకటించిన ప్రమాణాల ప్రకారం. ఇష్టమొచ్చినట్టు మేలు అనుకోవడానికి లేదు. ప్రమాణాలు, వాటి మధ్య ప్రాధాన్యం టెండరు పత్రంలోనే ఉండాలి.

అనువాదంలో ఇంకో మెలిక. యూరోపియన్ యూనియన్ వాళ్లది నాలుగు మాటల పదబంధం, ‘మోస్ట్ ఎకనామికల్లీ అడ్వాంటేజియస్ టెండర్’. 2004 నాటి ఆదేశంలో దీనికి ఎదురుగా ‘అతి తక్కువ ధర’ విడిగా ఉండేది, రెంట్లో ఒకటి ఎంచుకోవాలి. 2014 నాటి 24వ ఆదేశం 67వ అధికరణంలో ఇదే గొడుగుమాట అయింది, ధర ఒక్కటే చూసే పద్ధతి కూడా దాని కిందికే వచ్చింది. కాబట్టి పాత ఆదేశం గురించి రాసేటప్పుడు ‘తక్కువ ధర కాదు, మేలైనది’ అనొచ్చు, కొత్తదానికి అలా అంటే తప్పు. బ్రిటన్ 2023 చట్టం, 2025 ఫిబ్రవరి 24 నుంచి అమల్లో ఉన్నది, ‘ఎకనామికల్లీ’ని తీసేసింది. ఆ మాట చూసి అధికారులు చవకదే కొనాలేమో అనుకుంటున్నారని. ప్రపంచ బ్యాంకు కూడా 2016 జూలైలో తెచ్చిన కొత్త విధానంలో ‘మోస్ట్ అడ్వాంటేజియస్ బిడ్’ అంది.

కాగితంపులి:
‘వాల్యూ ఫర్ మనీ’ కూడా పదేపదే వస్తోంది. ‘డబ్బుకు విలువ’ అని ఉంది.

పాతనిఘంటువు:
‘డబ్బుకు విలువ’ అంటే ద్రవ్యోల్బణం గురించి అనుకుంటారు. ‘వెలకు తగ్గ విలువ’. వెల, విలువ రెండూ విడివిడిగా మన భాషలోనే ఉన్నాయి, వాడుకోండి.

షెడ్యూల్-బి:
బాగుంది. దాని కిందే వాడుకకాలం ఖర్చు కూడా చెప్పాలి. ఇలా లెక్క చూపితే పాఠకుడికి పట్టు దొరుకుతుంది. ఒక పంపు 2,00,000, గంటకు 10 యూనిట్లు తాగుతుంది. ఇంకోటి 2,60,000, గంటకు 8.5 యూనిట్లు. ఏడాదికి 2,000 గంటలు నడిస్తే, యూనిట్ 8 రూపాయలైతే, కరెంటు ఖర్చులో తేడా 24,000. 60,000 ఎక్కువ పెట్టింది రెండున్నరేళ్లలో తిరిగొస్తుంది. అయితే కొనే శాఖ ఒకటి, కరెంటు బిల్లు కట్టే శాఖ ఇంకొకటి అయితే ఈ లెక్క ఎవరూ వెయ్యరు!

కాగితంపులి:
మార్కుల ఉదాహరణ ఒకటి పెడదామనుకుంటున్నాం. 70 మార్కులు ధరకి, 30 నాణ్యతకి.

షెడ్యూల్-బి:
పెట్టండి, కానీ అందులో ఒక ఉచ్చుంది. ధర మార్కులకు ఎక్కువగా వాడే సూత్రం: అతి తక్కువ ధరని ఆ టెండరు ధరతో భాగించి 70తో గుణించడం. నాణ్యతకి 100కి వచ్చినదాన్ని 30కి కుదించాలి.

‘అ’ 80 లక్షలు, నాణ్యత 100కి 60. ‘ఆ’ 100 లక్షలు, నాణ్యత 90. ఇద్దరే ఉంటే ‘అ’కి 70+18=88, ‘ఆ’కి 56+27=83. ‘అ’ గెలుస్తాడు. ఇప్పుడు ‘ఇ’ 40 లక్షలతో, నాణ్యత 50తో దిగాడు. ‘ఇ’కి 85. ‘అ’కి 35+18=53, ‘ఆ’కి 28+27=55. తర్వాత ‘ఇ’ కాగితాలు నకిలీవని తేలి తీసేశారనుకోండి. మార్కులు మళ్లీ వెయ్యకుండా రెండోవాడికి ఇస్తే ‘ఆ’కి పోతుంది. మళ్లీ వేస్తే ‘అ’కి. వాడి ధరా మారలేదు, వీడి నాణ్యతా మారలేదు. ఎవరినైనా తీసేస్తే మళ్లీ లెక్కించాలా వద్దా అన్నది పత్రంలో ముందే రాయకపోతే వివాదం తప్పదు. రింగు కట్టే కాంట్రాక్టర్లకి కూడా ఈ సూత్రం బాగా తెలుసు.

మన దగ్గర ఈ నాణ్యత-ధర కలిపే పద్ధతి పనులకూ, కన్సల్టెన్సీ కాని సేవలకూ కావాలంటే 2021 అక్టోబరు 29 నాటి కేంద్ర ఆర్థిక శాఖ సూచనల ప్రకారం ధరేతర మార్కులు 30 శాతం దాటకూడదు. మిగతా పనుల్లో, వస్తువుల కొనుగోళ్లలో దాదాపు అంతా ‘ఎల్‌-1’, అంటే అతి తక్కువ ధర వేసినవాడి, రాజ్యమే. ఎల్‌-1ని అలాగే ఉంచండి, ‘కనిష్ఠ బిడ్డరు’ ఎవరూ అనరు.

ప్యారిస్‌పక్కన:
‘అబ్నార్మల్లీ లో టెండర్’? ‘అసాధారణ తక్కువ’ అని చూశాను.

షెడ్యూల్-బి:
‘నమ్మశక్యం కానంత తక్కువ’ అనండి, సంగతి అదే. యూరప్‌లో అలాంటిది వస్తే కారణం చెప్పమని అడగాలి, అడక్కుండా తీసెయ్యకూడదు. 1989లో ఫ్రాటెల్లి కొస్టాంజో కేసులో ఇది తేలింది. 1990 ప్రపంచ కప్పు కోసం మిలాన్ నగరపాలిక ఫుట్‌బాల్ స్టేడియం మరమ్మతుకు టెండర్లు పిలిచింది. ఒక లెక్క ప్రకారం గీసిన గీత కిందికి వెళ్లినవాటిని ఆటోమేటిగ్గా తోసేసింది. అలా కుదరదని యూరోపియన్ న్యాయస్థానం చెప్పింది.

తెలుగు రాష్ట్రాల పనుల టెండర్లలో దారి వేరు. కారణం అడగడం కంటే డబ్బు కట్టించుకుంటారు. అంచనా విలువ మీద ఎంత శాతం ‘ఎక్సెస్’, ఎంత శాతం ‘లెస్’ అని కోట్ చేస్తారు. 25 శాతం లెస్ దాకా అదనపు డిపాజిట్ లేదు. అది దాటితే అంచనాలో 75 శాతానికీ వేసిన మొత్తానికీ ఉన్న తేడా అదనపు సెక్యూరిటీగా కట్టాలి. కోటి రూపాయల పనికి 32 శాతం లెస్ వేస్తే, అంటే 68 లక్షలు, ఒప్పందం నాటికి 7 లక్షలు అదనంగా పెట్టాలన్నమాట. ‘లెస్‌కు వేశాడు’ అన్నది మంచి తెలుగే, వదలకండి.

కాగితంపులి:
అమెరికా భాగంలో ‘రెస్పాన్సివ్’, ‘రెస్పాన్సిబుల్’ పక్కపక్కనే ఉన్నాయి. ముసాయిదాలో ‘స్పందించే టెండరు’, ‘బాధ్యతగల బిడ్డరు’.

పాతనిఘంటువు:
అయ్యో.

షెడ్యూల్-బి:
మొదటిది కాగితానికి, రెండోది మనిషికి. ‘షరతులకు సరిపోయిన టెండరు’, ‘పని చెయ్యగల టెండరుదారు’. సీల్డ్ బిడ్ పద్ధతిలో రెండింటికీ గడువులు వేరు. అడిగిన బిడ్ గ్యారంటీ, అంటే టెండరుతో జతచెయ్యాల్సిన పూచీ, కవర్లో లేకపోతే టెండరు తెరిచిన క్షణంలోనే ఆ లోపం ఖాయం, మామూలుగా తర్వాత తెచ్చి అతికించలేరు. ఆర్థిక స్తోమతకో అనుభవానికో రుజువు మాత్రం కేటాయించేలోపు చూపొచ్చు.

కాగితంపులి:
చివరిది ‘స్టాండ్‌స్టిల్ పీరియడ్’. ‘స్తంభన కాలం’ అని ఉంది.

షెడ్యూల్-బి:
‘ఆగాల్సిన గడువు’. ఎవరికి ఇస్తున్నారో అందరికీ చెప్పి, సంతకం పెట్టకుండా ఆగడం, ఓడినవాడు అభ్యంతరం చెప్పుకోవడానికి. ఆస్ట్రియాలో నిర్ణయం, ఒప్పందం ఒకేసారి అయిపోవడంతో సవాలు చెయ్యడానికి ఏమీ మిగల్లేదని 1999లో ఆల్కాటెల్ కేసులో తేలాక పుట్టిందిది. యూరప్‌లో ఈమెయిల్‌లో చెబితే కనీసం 10 రోజులు, పోస్టులో పంపితే 15, పంపిన మర్నాటి నుంచి లెక్క. బ్రిటన్ ఇప్పుడు 8 పనిదినాలు అంది. పట్టికలో రెండూ ‘రోజులు’ అని రాస్తే బ్రిటన్‌ది తక్కువలా కనిపిస్తుంది. మధ్యలో శని, ఆదివారాలు కలిపితే క్యాలెండరు మీద కనీసం 10 రోజులు అవుతుంది. అక్కడ ‘పనిదినాలు’ అని విడిగా వెయ్యండి.