రుషికొండలో మూడు ఆదివారాలు, ఒక్క చేప కూడా పడలేదు

మధురవాడ_కుర్రోడు:
అన్నలూ కొంచెం హెల్ప్ చేయండి. నాది తాడేపల్లిగూడెం సైడు, చిన్నప్పుడు పంటకాలవలో వెదురు కర్రకి గాలం కట్టి జెల్లలు పట్టినోణ్ణి, ఆ ధైర్యంతో ఆన్‌లైన్‌లో 6 అడుగుల రాడ్డు, రీలు కొనేసి మూడు ఆదివారాల నుంచీ రుషికొండ వెళ్తున్నా, టిఫిన్ తిని బయల్దేరేసరికి పదవుతోంది. ఎర వానపాములే. చేప సంగతి దేవుడెరుగు, ఎరని కూడా ఎవడూ ముట్టలేదు, సీసం గుండు మాత్రం కెరటంతో పాటు నా కాళ్ళ దగ్గరికే తిరిగొచ్చేస్తోంది. లోపం రాడ్డులోనా ఎరలోనా నాలోనా?

బీచ్‌రోడ్_బాబాయ్:
టైములో. ఆదివారం పదింటికి రుషికొండ వచ్చేది జనం, చేపలు కాదు. తెల్లారుజామున ఐదింటికి ఉండాలి, లేదా పొద్దుగూకాక.

జాలరిపేట_అబ్బాయి:
బాబూ ముందు ఆ వానపాములు మానెయ్, ఉప్పునీళ్ళలో పడగానే చచ్చి తెల్లగా అయిపోతాయి. పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో చిన్న రొయ్యలు కొనుక్కో, తోలు తియ్యకుండా గాలానికి ఎక్కించి పైన కుట్టుదారం నాలుగు చుట్లు చుట్టు, లేపోతే విసిరినప్పుడే ఎర ఒక దిక్కు గాలం ఒక దిక్కు పోతాయి.

రెండోది, నీళ్ళు చూడు. ఒడ్డున పది నిమిషాలు ఊరికే నిలబడు, కెరటం విరిగి తెల్లగా నురగొచ్చే చోట ఇసక మెట్ట ఉన్నట్టు, దాని పక్కన కెరటం విరక్కుండా రంగు ముదురుగా కనపడితే అక్కడ గొయ్యి, చేప తిరిగేది అందులోనే. నువ్వు అందరూ దిగే చోట విసిరుంటావు. గొయ్యి కనపడింది కదా అని నీళ్ళలో దిగకు మళ్ళీ, నీరు లోపలికి లాగేది కూడా అక్కడే.

ఇంక పోటు పాటు, అంటే సముద్రం నీళ్ళు ఎక్కడం, దిగడం. రోజుకి రెండు పోట్లు, ప్రతి రోజూ సుమారు 50 నిమిషాలు లేటవుతా ఉంటాది, అంటే వారం తిరిగేసరికి దాదాపు ఆరు గంటలు జరిగిపోయి పోయిన ఆదివారం పోటున్న టైముకి ఈ ఆదివారం పాటు ఉంటాది. ప్రతి వారం ఒకే టైముకి వెళ్ళి చేప లేదంటే ఏటి చెప్తాం? నీళ్ళు ఎక్కుతున్నప్పుడు వెయ్యి. మా నాన్న తెప్ప మీద వేటకెళ్ళేవాడు, రాడ్డు ఎప్పుడూ ముట్టుకోలేదు, చేతి దారమే, చూపుడు వేలి మీద దారం ఆనించుకుంటే చేప కొరికిందా కెరటం తోసిందా తెలిసిపోయేది. నువ్వూ ఒకసారి అలా చేసి చూడు, రాడ్డు స్టాండుకి పెట్టి ఫోన్ చూసుకోడం కంటే నయం.

భీమిలి_వీకెండ్:
6 అడుగుల రాడ్డు తిట్టుకోకండి, కెరటాలు దాటించి విసరడానికే చాలదు, అక్కడ పది పన్నెండు అడుగులుండాలి. దాన్ని భీమిలి తీసుకెళ్ళండి, గోస్తనీ సముద్రంలో కలిసే చోట నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, కొయ్యింగలు, జెల్లలు, రాసిపెట్టుంటే పండుగప్ప. గాలం సైజులు నన్ను చాన్నాళ్ళు తికమక పెట్టాయి, 10 కంటే 4 పెద్దది, కానీ గీత పెట్టి పక్కన సున్నా రాసినవి ఉల్టా, 1/0 కంటే 4/0 పెద్దది.

సముద్రపు జెల్లని చేత్తో పట్టుకోకండి. వీపు మీద, రెండు పక్కలా ముల్లు, దానికి విషం. నాకు అరచేతిలో దిగింది, మోచెయ్యి దాకా మంట, ఎవరో పెద్దాయన టీ కొట్టు దగ్గర వేణ్ణీళ్ళు తెప్పించి ఓర్చుకోగలిగినంత వేడిలో చెయ్యి పెట్టించాడు, నొప్పి చాలావరకు దిగింది, తర్వాత ఆస్పత్రికెళ్ళి ఇంజెక్షన్ వేయించుకున్నా.

మధురవాడ_కుర్రోడు:
థాంక్స్ అన్నలూ. తెన్నేటి పార్కు కింద, ఆ మధ్య బంగ్లాదేశ్ షిప్పు ఒడ్డుకొచ్చి ఆగిపోయిందే, ఆ రాళ్ళ మీద నుంచి వేస్తే? ఇంకా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం అంటారు కదా, మనక్కూడానా?

జాలరిపేట_అబ్బాయి:
నిషేధం ఇంజను బోట్లకి, ఒడ్డున గాలం వేసేవాళ్ళకి కాదు. ఆ రాళ్ళు పాచి పట్టి ఉంటాయి, ఒక్కడివే వెళ్ళకు, వెనక్కి తిరిగి గాలానికి ఎర గుచ్చుకునే టైములోనే పెద్ద కెరటం వస్తాది.

మధురవాడ_కుర్రోడు:
అప్డేట్: భీమిలి వెళ్ళా, ఐదున్నరకే! రొయ్య ఎరకి రెండు పడ్డాయి. ఒకటి చిన్న గొరక. రెండోది పొట్టిగా ఉంది, బయటికి తియ్యగానే పొట్ట బెలూన్‌లా ఉబ్బేసింది, పళ్ళు చిలక ముక్కులా ఉన్నాయి. పులుసు పెట్టొచ్చా?

భీమిలి_వీకెండ్:
వద్దు!! అది విషం చేప, ఎంత ఉడకబెట్టినా పోదు.

జాలరిపేట_అబ్బాయి:
మా పేటలో పిల్లులకి కూడా వెయ్యరు. ఎక్కడుంది ఇప్పుడు?

మధురవాడ_కుర్రోడు:
ఫ్రిజ్‌లో. తీసి పెరట్లో గొయ్యి తవ్వుతున్నా, పక్కింటోళ్ళ పిల్లి గోడెక్కి చూస్తోంది.